అడవిలో గురుశిష్యులు

మొన్నటి బసవజయంతినాడు పాతనగరమున మా పేటలోని శరణులందరు కూడినప్పుడు ఒక చిన్న సంభాషణ జరిగినది. వచనపఠనము, ప్రసాద వినియోగము ముగిసిన పిదప ఒక పెద్దలు లేచి, "నల్లమల క్షీణించిపోవుచున్నది. శ్రీశైల మల్లికార్జునుని నీడ అది. మన మఠములును, శక్తిగల గృహస్థులును కలిసి అచ్చటి చెంచువారికి అడవిని మరల పెంచుటలో శిక్షణ ఇప్పింపవలెను. ఇది మన దాసోహమగును" అని తీర్మానము ప్రతిపాదించిరి. అందరును తలలూపిరి. వెనుకవైపున గోడ కానుకొని నిలిచిన పిల్లవాడొకడు, కళాశాలలో చదువుచున్నవాడు, "తాతగారూ, చెంచులకు అడవి సంగతి మనం నేర్పేదా? చార్మినారు నీడలో పుట్టినోళ్లం, మారేడాకు పక్కన వెలగాకు పెడితే ఏది ఏదో చెప్పగలమా?" అనెను. సభలో నవ్వులు లేచినవి. ఆ పెద్దలు కూడ నవ్విరి. తీర్మానము వ్రాయు పని నాది గనుక కలము పట్టుకొని కూర్చున్న నాకు మాత్రము నవ్వు రాలేదు.

ముప్పది సంవత్సరములుగా నేర్పుటయే నా వృత్తి. తెలిసినవాడు తెలియనివానికి చెప్పుట ధర్మమనియు, అందు సందేహింపవలసిన దేమియు లేదనియు తలచుచు వచ్చితిని. ఆ పిల్లవాని మాట నా తలపునకు అడ్డుపడినది. ఒకరికి నేర్పుటకు మనకు అధికారము ఎచ్చటినుండి వచ్చును? నేర్చినవాడు ఆ విద్యతో చేయు శ్రమ ఎవరిది, దాని ఫలము ఎవరిది? ఫలము నేర్చినవానిది కానప్పుడు ఆ శిక్షణను దాసోహమని పిలుచుట న్యాయమా? పాఠకుల ముందు ఉంచదలచిన ప్రశ్న ఇదియే.

నగరమున నుండువారికి అడవితో ఏమి పని యని కొందరికి తోచవచ్చును. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి ఈ నగరమును ముంచినప్పుడు, నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్న చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని ఇచ్చటి పిల్లలకు కూడ తెలియును. ఆ చెట్టు ఇంకను నిలిచియున్నది. ఆ వరద తరువాతనే 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు కట్టబడినవి. మూసీ పుట్టినది వికారాబాదు దగ్గరి అనంతగిరి అడవులలో. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములనుండి కృష్ణానదీ జలము కూడ మన నగరమునకు వచ్చుచున్నది. ఆ కృష్ణ శ్రీశైలము దగ్గర నల్లమలను చీల్చుకొని ప్రవహించును. బేగంబజారులో మనము కొను కరక్కాయ, సారపప్పు, కుంకుడుకాయ, జిగురు ఏదో ఒక అడవినుండి వచ్చినవే. అవి ఏరి తెచ్చిన చేతులను మనము చూడలేదు, అంతే.

ఇక క్షీణించిన అడవిని మరల పెంచుట యనగా ఏమి? మనవంటి వారికి మొదట తోచునది మొక్కలు నాటుట. నేను లోగడ పనిచేసిన ఒక పాఠశాలలో ఏటేట వనమహోత్సవము జరిగెడిది. ఆవరణలో ప్రహరీగోడ పక్కన నొక గుంట. అందులో తొమ్మిది సంవత్సరములు తొమ్మిది మొక్కలు నాటితిమి. ప్రతి ఏట ఛాయాచిత్రము తీయబడినది, ప్రతి వేసవిలోను మొక్క ఎండినది. గుంట త్రవ్వు పని తప్పునని పదియవ యేట మా అటెండరు ఎంతో సంతోషముతో ఆ గుంటనే చూపించినాడు. నీరు పోయువారెవరను ప్రశ్న ఏ సంవత్సరమును మాకు కలుగలేదు. ఆ తప్పులో నా భాగము నాకున్నది. ఆ మొక్క ఎవరిది కాదు గనుక ఎవరికిని దప్పి కనబడలేదు.

వనశాస్త్రము తెలిసినవారు చెప్పు మాట వేరు. మన దేశపు ఆకురాలు అడవులు నరికినంత మాత్రమున చావవు. పైన మోడు మిగిలినను క్రింద వేరు బ్రతికియుండును. నల్లమద్ది, చిరుమాను, తునికి, టేకు, మోదుగ మొదలగువాని మొదళ్ళనుండి వానలు పడగనే పిలకలు వచ్చును. ఆ పిలకలను గొడ్డలి నరకకుండ, పశువు మేయకుండ, నిప్పు కాల్చకుండ కొన్ని సంవత్సరములు కాచినచో అడవి తనంతట తానే లేచును. కాచువారు చేయవలసినది ఒక మొదలునకు పది పిలకలున్నచో బలమైన ఒకటి రెండు ఉంచి తక్కినవి తీయుట, వేసవికి ముందు ఎండుటాకును ఊడ్చి అగ్గిగీతలు వేయుట, వాలున కందకములు త్రవ్వి వాననీటిని నిలుపుట, లంటానా వంటి కలుపుకంపను పెరికివేయుట. నర్సరీ సంచులలోని మొక్క అవసరమగునది వేరు కూడ చచ్చిన చోటనే. ఈ పనులలో కొన్ని అడవివారికి పుట్టుకతోనే తెలియును, కొన్ని నేర్పినగాని తెలియవు. పిల్లవాని ప్రశ్నకు సమాధానము అవుననియు కాదనియు ఒక్కమాటలో చెప్పలేకపోవుటకు కారణ మిదియే.

పశ్చిమబెంగాలులోని మిద్నాపూరు జిల్లాలో అరబారి యను చోట 1972 ప్రాంతమున జరిగినది ఈ విషయమున మొదట చెప్పదగినది. అచ్చటి సాలవృక్షముల అడవి కట్టెలకై నరకబడి పొదలుగా మిగిలినది. అజిత్‌కుమార్ బెనర్జీ యను అటవీశాఖాధికారి పరిశోధనకై పెంచిన తోటలను కూడ చుట్టుపట్ల గ్రామముల ప్రజలు నరికివేయుచుండిరి. కేసులు పెట్టుట మాని ఆయన ఆ 11 గ్రామముల వారితో కూర్చుండి మాటలాడెను. అడవిని కాయుడు, పనులలో కూలి మీకే ఇత్తుము, చిల్లర ఫలసాయము మీదే, పెరిగిన కలపలో నూటికి 25 పాళ్ళు మీ వాటా యని మాట యిచ్చెను. సుమారు 1270 హెక్టారుల సాలవనము మొదళ్ళనుండియే తిరిగి లేచినది. అచ్చటివారికి సాలచెట్టును గూర్చి ఎవరును క్రొత్తగా నేర్పలేదు. మాట యిచ్చినవాడు తమతో కూర్చుండినాడను విషయమే క్రొత్తది. అయితే ఆ వాటాకు ప్రభుత్వపు సమ్మతి లభించుటకు 1980ల చివరివరకు ఆ గ్రామస్థులు ఎదురుచూడవలసివచ్చినది. అంతకాలము వారు అడవిని కాచిరి. గురువు మాటకు శిష్యుడు నిలిచినంతగా గురువును పంపినవారు నిలువలేదని చెప్పవలెను.

1988 జాతీయ అటవీ విధానము, 1990 కేంద్రప్రభుత్వపు ఉత్తర్వు ఆ పద్ధతిని దేశమంతటికి చెప్పినవి. మన ఆంధ్రప్రదేశమున 1992లో వనసంరక్షణ సమితులు ఏర్పడినవి. ఒక్కొక్క కుటుంబమునుండి ఒక పురుషుడును ఒక స్త్రీయు సభ్యులు. అనుభవమంటపములో అక్కమహాదేవికిని లక్కమ్మకును ఆసనమున్నదని గర్వించు మనము ఈ నియమమును మెచ్చుకొనవలెను. ప్రపంచబ్యాంకు అప్పుతో 1994 నుండి ఒక పథకము, 2002 నుండి సముదాయ అటవీ యాజమాన్యమను మరియొక పథకము నడిచినవి. సమితుల సంఖ్య ఎనిమిదివేలు దాటినది. శిక్షణలు జరిగినవి, కందకములు త్రవ్వబడినవి, అనేక గుట్టలు పచ్చబడినవి. ఇది పొల్లుమాట కాదు. కాని మరియొక పక్షము కూడ కలదు. కొన్ని చోట్ల గిరిజనులు పోడు చేసుకొను భూములు సమితి అడవిలో కలిసిపోయి వారి గింజలు పోయినవి. పథకపు ధనము ఆగగనే అనేక సమితులు కాగితముపై మిగిలినవి. శిక్షణ పొందినవారు మరచిపోయిరా? మరువలేదు. ఆ విద్యను వాడుటకు వారికి కారణము మిగులలేదు.

ఇచ్చట తపసిచెట్టు కథ చెప్పవలెను. నాకు ఇందు విశేషమైన అభిమానము కలదు. నల్లమల మొదలుకొని తూర్పుకనుమల వరకు రాతిగుట్టలపై ఈ చెట్టు పెరుగును. తెల్లని నున్నని బెరడు. వేసవిలో ఆకంతయు రాల్చి విభూతి పూసుకొన్న మునివలె నిలుచును. తపసి యను పేరు ఎవరు పెట్టిరో గాని పేరు పెట్టినవాడు కవి. కొన్ని తావుల దీనినే కోవెల యనియు, కవిలి యనియు అందురు. దీని జిగురు మందులలోను, ఆహారపదార్థములలోను వాడబడి విదేశములకు కూడ పోవును. చెంచులు మున్నగు గిరిజనులకు ఇది నాలుగు డబ్బులిచ్చు చెట్టు. మునుపు గొడ్డలితో మ్రానిలోనికి లోతుగా నరికి జిగురు తీసెడివారు. జిగురు ఎక్కువగా వచ్చెడిది, కొన్ని సంవత్సరములకు చెట్టు చచ్చెడిది. అడవిబిడ్డలు సహజముగనే అడవిని కాతురని కన్నులు మూసుకొని పలుకువారు ఈ సంగతిని కూడ తలపవలెను. వ్యాపారి మట్టితో బెరడుతో కలిపి తూకముపై కొనుచుండగా, ఈ చెట్టు నేడు నేను కోయనిచో రేపు ఇంకొకడు కోయుననెడి భయముండగా, గొడ్డలి లోతుగానే దిగును. అది అజ్ఞానము కాదు, ఆకలి చేసిన లెక్క.

1956లో విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థయు, పిదప 1990లలో జిగురు సేకరించువారి మేలుకొరకే వెలసిన కోవెల్ ఫౌండేషనును ఈ విషయమున పనిచేసినవి. చిన్న పనిముట్టుతో బెరడును పైపైన మాత్రమే గీరుట, గాయమును చిన్నదిగా ఉంచుట, అది మానువరకు ఆగుట, జిగురును నేల తాకనీయక శుభ్రమైన బుట్టలో పట్టుట, రంగునుబట్టి వేరుచేయుట నేర్పిరి. ముఖ్యమైనది దీని వెనుక నున్నది. శుభ్రమైన జిగురునకు ఎక్కువ ధర, ఆ ధర తీసినవాని చేతికే. అప్పుడు చెట్టును బ్రతికించుట తెలివియు, లాభమును, ధర్మమును ఒక్కటే ఆయెను. నేర్పినవారు పట్టణమువారే. నేర్చినవారు అడవివారే. అందు అవమానము ఎవరికిని లేదు. కనుక మన పిల్లవాని ఎత్తిపొడుపు పూర్తిగా నిజము కాదు. మనము నేర్పదగినవి కలవు. నేర్చినవాని చేతికి ఏమి మిగులునను దానినిబట్టి ఆ నేర్పుట విలువ తేలును.

మూడు సంవత్సరముల క్రిందట చైత్రపూర్ణిమకు సలేశ్వరము పోయితిని. అమ్రాబాదు పులుల అభయారణ్యములో, లోతైన లోయ అడుగున, జలపాతము పక్కన గుహలో లింగమయ్య వెలసియున్నాడు. జాతర కొద్దిదినములు మాత్రమే. అచ్చట అర్చకులు చెంచులు. మన పాతనగరమునుండి పోయిన షావుకార్లు, ఉద్యోగులు, నావంటి పంతుళ్ళు రాళ్ళదారిలో చెమటలు క్రక్కుచు దిగి, ఆ చెంచు పూజారి ముందు తలవంచి విభూతి పెట్టించుకొందురు. ఇష్టలింగధారులకు స్థావరలింగముతో పని యేమని అడుగువారు అడుగవచ్చును. ఆ చర్చ నేడు వలదు. నేనును తలవంచితిని. తిరిగి పైకి ఎక్కుచుండగా దారిలో ఒక నడివయస్కుడైన చెంచు, జాతరకు వచ్చినవారు పారవేసిన నీళ్ళసీసాలను గోతములో నింపుచుండెను. అలసి అతని పక్కన కూర్చుంటిని. అడవి పెంచుటలో మీకు శిక్షణ యిచ్చుట మంచిదా యని అడిగితిని. అతడు చెప్పిన మాటలు, అతని నుడిలోనే, నాకు జ్ఞాపకమున్నంతవరకు ఇవి:

"నేర్పితే నేర్సుకుంటం సారూ. జిగురు తీసుడు నేర్పిండ్రు, నేర్సుకున్నం. గని ఏడాదికొకరొస్తరు. ఒకరు చెట్లు పెట్టుమంటరు, ఒకరు గడ్డి పెంచుమంటరు, ఇంగొకరు పెంటనే ఖాళీ చేసి పొమ్మంటరు. ఏం జేస్తే అడవి బాగైతదో మమ్ముల ఎవ్వలు అడగలే." పిదప దారిపక్కన కాలిన మోడు నొకదానిని కాలితో చూపి, "ఇది సచ్చిందనుకుంటరు. ఏరు సావదు సారూ, అగ్గి పెట్టకుంటె సాలు" అనెను.

నాకు అప్పుడు తోచినది చెప్పుచున్నాను. లోయలో ఆ జనులే మనకు గురుస్థానమున నుండి విభూతి పెట్టుదురు. గట్టుమీదికి వచ్చి వాహనము దగ్గర నిలిచినంతనే వారు మనకు శిష్యులు, కూలివారు, లబ్ధిదారులు. అరగంట దారిలో గురువు శిష్యుడెట్లాయెను? చెంచులు మల్లన్నను తమ అల్లుడని చెప్పుకొందురు. అల్లుని ఇంటికి పోవు చుట్టములము మనము. అడవిశాఖవారు పులుల జాడ తీయుటకు, నిప్పు కాయుటకు చెంచులనే కావలివారుగ పెట్టుకొనుచున్నారు. జాడ చదువుటలో వారిని మించినవారు లేరని ఆ అధికారులకు తెలియును. తెలిసియు కూలియే యిత్తురు గాని సలహా అడుగరు.

కాయకమనగా ఏమి? చేతులతో చేయు పని యెల్ల కాయకము కాదు. మన తెలంగాణమునకు వెట్టి యనగా ఏమో చెప్పనక్కరలేదు, తాతలనాటి మాట. దొర గడీలో చేసినదియు చేతిపనియే, చెమటయు చెమటయే. కాని దానిని ఎవరును కాయకమనలేదు. వెట్టివానికి పనిపై ఇచ్ఛ లేదు, ఫలముపై హక్కు లేదు, కాదనుటకు నోరు లేదు. ఆ మూడును ఉన్నప్పుడే పని కాయకమగును. అప్పుడే దానినుండి దాసోహము పుట్టును. తనది కానిదానిని ఎవడును దాసోహము చేయలేడు. 1940లో ఆదిలాబాదు అడవులలో జోడేఘాట్‌వద్ద కొమురం భీము ప్రాణమిచ్చినది ఈ హక్కు కొరకే. ఆ తరువాతనే నిజాము ప్రభుత్వము గిరిజనులను గూర్చి తెలిసికొనుటకు హైమెన్‌డార్ఫ్ పండితుని సాయము కోరినది. చెంచులను గూర్చి ఆయన గ్రంథము 1943లో వెలువడినది. అమ్రాబాదు పీఠభూమిపై సుమారు లక్ష యెకరములు చెంచులకై ప్రత్యేకింపబడినది కూడ ఆ దినములలోనే, 1942లో. తుపాకి మ్రోగిన పిదప గాని అడుగవలెనని ఎవరికిని తోచలేదు.

మన శరణులలో అడవితో పనిగలవాడు మోళిగె మారయ్య. కాశ్మీరదేశపు రాజ్యము విడిచి కల్యాణమునకు వచ్చి, కట్టెలమోపులు మోసి అమ్ముకొని జంగములకు అన్నము పెట్టెనని సంప్రదాయము చెప్పును. ఒకనాడు మారయ్య లేని వేళ బసవేశ్వరుడు ఆ గుడిసెకు పోయి, ఆయన ఇల్లాలు వడ్డించిన అంబలి త్రాగి, ఆ పేదరికమునకు మనసు కరగి, బంగారునాణెముల సంచులను అచ్చట దాచి వచ్చెను. మారయ్య కట్టెలమ్మి తిరిగివచ్చి వానిని చూచి సంతోషింపలేదు. ఆ ధనమును జంగములకు పంచివేసి, తన కాయకమును నమ్మనందుకు మంత్రినే తప్పుపట్టెను. బసవన్న తన పొరపాటును ఒప్పుకొనెను. ఈ కథను మనము మారయ్య త్యాగమునకు ఉదాహరణముగ చెప్పుకొందుము. దీనిని దాతకు జరిగిన పాఠముగ చదువుట అరుదు. మేలు చేయబోయినవాడు బసవేశ్వరుడంతటివాడే. ఆయన కూడ అడుగక యిచ్చినందున కట్టెలవాని ముందు తలవంచవలసి వచ్చినది. మన తీర్మానము వ్రాయుచున్నప్పుడు నా కలము ఆగినది ఇచ్చటనే.

ఆయ్దక్కి లక్కమ్మ కథ మరియొక వైపు చెప్పును. రాలిన బియ్యపుగింజలేరి తెచ్చు భర్త ఒకనాడు నిత్యమునకంటె ఎక్కువ తెచ్చినప్పుడు, ఎక్కువైనది అచ్చటనే పోసి రమ్మని ఆమె వెనుకకు పంపినది. అడవికి హద్దు అదియే: నేటి కెంత కావలెనో అంత. తపసిచెట్టుకు గీరిన గాయము ఆ హద్దు, గొడ్డలివేటు దానికి మించినది. కాని లక్కమ్మ ఆ మాటను చెప్పినది తన భర్తకు, తన ఇంటి పొయ్యి ముందు కూర్చుండి. వేయి బస్తాలున్న షావుకారు వచ్చి ఆ దంపతులకు మితము బోధించి యుండినచో అది శరణధర్మమై యుండునా? టేకు తలుపులు, టేకు మంచములు గల ఇండ్లలో నుండి మనము కట్టెలమోపు మోయు స్త్రీకి అడవిని నరకవద్దని చెప్పునప్పుడు ఈ చిక్కే వచ్చును. నా ఇంటి ముందరి తలుపు కూడ టేకుదే. నా తండ్రిగారు చేయించినది.

చట్టము మనకంటె ముందుకు పోయినది. 2006లో పార్లమెంటు చేసిన అటవీహక్కుల చట్టములో ఒక మాట కలదు. ఒక గ్రామము తరతరములుగా కాపాడుకొనుచు వచ్చిన సాముదాయక అడవిని రక్షించు, మరల పెంచు, నిర్వహించు హక్కు ఆ గ్రామమునకు కలదని అందున్నది. మరల పెంచుట అచ్చట పని కాదు, పథకము కాదు, హక్కు. నాకు తెలిసినంతలో కాయకమను భావమునకు ఇంత సమీపముగ వచ్చిన ప్రభుత్వపు మాట వేరొకటి లేదు. అభయారణ్యమునుండి జనులను తరలింపవలెనన్నను గ్రామసభ తెలిసి యిచ్చిన అంగీకారము ఉండవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. పులికి చోటు వలదని నేననను. పులి లేని నల్లమల నల్లమల కాదు. కాని ఒకచేతితో అడవిని కాయుట నేర్పి, మరియొకచేతితో పెంటను ఖాళీ చేయుడనుట ఏ గురువునకును తగదు. ఖాళీయగు పెంటలోని పిల్లవాడు నేర్చిన విద్యను ఏ చెట్టుపై చూపవలెను?

థాయిలాండు ఉత్తరభాగమున చియాంగ్ మాయి విశ్వవిద్యాలయమువారు 1994లో వనపునరుద్ధరణకై ఒక పరిశోధన విభాగమును నెలకొల్పిరి. కొండలపై నుండు హ్మాంగ్ తెగవారి గ్రామమొకదానితో కలిసి నర్సరీ పెట్టిరి. వారి పద్ధతి సులభమైనది: ఆ నేలకు చెందిన ఇరువది ముప్పది జాతుల చెట్లను, ముఖ్యముగ పక్షులకు ఇష్టమైన పండ్లు కాయువానిని నాటుదురు. తక్కిన వందల జాతుల విత్తనములను పక్షులే తెచ్చి వేయును. చదివినప్పుడు నాకు శ్రీశైలపు కదళీవనమున చెన్నమల్లికార్జునుని జాడ చెప్పుడని పక్షులను, మ్రాకులను అడిగిన అక్కమహాదేవి జ్ఞాపకము వచ్చినది. ఆమె రాణివాసమును విడిచి వచ్చినది. అయినను అడవిలో అడుగుటకు సిగ్గుపడలేదు.

మనము చేయదగినది లేదా? కలదు, కాని అది మనతో మొదలగును. మహాశివరాత్రికి పాతనగరపు సంతలో మారేడుపత్రి కుప్పలుగా వచ్చును. ఆకులు కోసి తెచ్చినవి కావవి, కొమ్మలతో విరిచి తెచ్చినవి. గుప్పెడు పత్రితో తృప్తినొందు స్వామికి మనము కొమ్మలు కొనుచున్నాము. శ్రీశైలమునకు అడవిదారిన నడచిపోవు యాత్రికులు వంటచేసి ఆర్పక విడిచిన పొయ్యి, మాఘ ఫాల్గుణముల ఎండుటాకులలో ఎంతదూరము పోవునో నిప్పు కాయు చెంచును అడిగినచో చెప్పును. మొదటి శిక్షణ యాత్రికులకు ఇప్పింపవలెను, నేర్పువారు చెంచులు కావలెను. ఆ దినపు వారి పనికి గురుదక్షిణ మఠమే చెల్లింపవలెను. భూములున్న మఠములు ఆ భూముల అంచున ఒక ఎకరమైనను మొదళ్ళనుండి పిలకలను లేవనిచ్చి చూడవచ్చును; పదేండ్లు ఆగు ఓపిక మఠములకు కాక మరెవరికి ఉండును? ఆ తరువాత చెంచులు పిలిచినచో, ఏమి కావలెనో వారు చెప్పినచో, జిగురు బుట్టయో, ధర తెలుపువాడో, హక్కుపత్రపు దరఖాస్తు వ్రాయగల పంతులో, అప్పుడు పోవచ్చును. దరఖాస్తు వ్రాయుట నాకు బాగుగ వచ్చును.

ఈ మాటలన్నియు ఆ తీర్మానము ప్రతిపాదించిన పెద్దలతో వారి ఇంటి అరుగుమీద కూర్చుండి చెప్పితిని. వారు కోపపడలేదు. చాలసేపు ఊరకుండి, "పంతులుగారూ, మీరు చెప్పినది సరే. మనవాళ్ళు చందా ఇచ్చేది మొక్కలకూ శిక్షణకూ అంటే ఇస్తారు. వెళ్ళి అడిగి వస్తామంటే ఎవరిస్తారు?" అనిరి. ఆ మాటకు నావద్ద జవాబు లేకపోయినది. పిల్లవాని పిలిపించితిమి. వచ్చు చైత్రపూర్ణిమకు ముగ్గురము సలేశ్వరము పోవుటకు నిశ్చయమైనది. బస్సు ఖర్చు ఎవరిది వారిదే. తీర్మానపు కాగితము ఇంకను నా సంచిలోనే ఉన్నది. అందు శిక్షణ యను మాట ఉన్నచోట గీత కొట్టి, దాని స్థానమున ఏ మాట వ్రాయవలెనో ముగ్గురికిని తోచక, ఖాళీ విడిచితిమి.